సమస్య: తల్లి గర్భమ్ములో గెల్చెఁ దనయుఁ డరుల

ఈ వారం ఇస్తున్నది తేటగీతి పాదం. అభిమన్యుడితోనో ప్రహ్లాదుడితోనో పూరించడం మనలో చాలామందికి చేయి తిరిగిన పని. అందుకే వస్తువు కూడా నేనే నిర్ణయిస్తున్నాను: జపాన్ యానిమే ధారావాహిక 'నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్'. హిదెయాకి అన్నో దర్శకత్వంలో 1995 అక్టోబరు 4 నుంచి 1996 మార్చి 27 వరకు టీవీ టోక్యోలో 26 భాగాలుగా వచ్చింది.

కుర్రవాడు మహాయంత్రంలోకి ఎక్కి పోరాడే కథలు అక్కడ 1972 నాటి మజింగర్ జడ్ నుంచీ ఉన్నాయి. అందులో యంత్రం ఆయుధం. ఇవాంజెలియన్‌లో అది కవచం తొడిగిన సజీవ దేహం. ఆ యంత్రదేహాలను ముద్దుగా 'ఇవా' అంటారు. కథానాయకుడైన కుర్రవాడు షింజి నడిపే ఒకటో నంబరు ఇవాలో అతని తల్లి యుయి ఆత్మ ఉంది. ఒక ప్రయోగంలో ఆమె దానిలో లీనమైపోయింది. పైలట్ కూర్చునే గొట్టంలో నారింజరంగు ద్రవం నిండుతుంది, దాన్నే ఊపిరితిత్తుల్లోకి పీల్చుకోవాలి. సమస్యలో అసంభవమనిపించేది ఆ కథలో కళ్లెదుట జరుగుతుంది. గుట్టు దాచి పూరించడం కుదరదు కాబట్టి, ఇంకా చూడనివారు మన్నించాలి.

మొదటి పూరణ:

యంత్రదేహాన జననియే యాత్మ గాఁగ
ద్రవము నిండిన నాళాన దాఁగి యుండి
పదియు నాల్గేండ్ల పసివాఁడు భయము వీడి
తల్లి గర్భమ్ములో గెల్చెఁ దనయుఁ డరుల.

– గణాలు, యతులు సరిపోయాయి. ఎత్తుగడ చాలా బాగుంది. నా అభ్యంతరమల్లా 'భయము వీడి' దగ్గరే. షింజి భయాన్ని వీడడు. మొదటి భాగంలో ఎక్కనని మొండికేస్తాడు. ఒంటినిండా కట్లతో ఉన్న మరో పైలట్, రెయి అనే అమ్మాయిని స్ట్రెచర్ మీద తెస్తారు. కిందపడిన ఆమెను ఎత్తుకున్నప్పుడు అతని అరచేతికి నెత్తురు అంటుతుంది. అప్పుడు, వణుకుతూనే, ఎక్కుతానంటాడు. ఆ వణుకు తీసేస్తే మిగిలేది మామూలు వీరగాథ. 'భయముతోనె' అనండి, గణమూ చెడదు, కథా నిలుస్తుంది.

– సవరణ స్వీకరించాను గురువు గారూ. ధన్యవాదాలు.

రెండవ పూరణ:

బొడ్డుతాఁ డూడి విద్యుత్తు పోయినంత
నైదు నిముషాలు ముగియఁగా నాఁగె మేను
నిలిచి పోయిన యా మేను నిద్ర లేచె
తల్లి గర్భమ్ములో గెల్చెఁ దనయుఁ డరుల.

– ఇవా వెన్నుకు తగిలించిన విద్యుత్తు తీగను బొడ్డుతాడుగా చూడటం ఈ సమస్యకు అతికినట్టుంది. తీగ ఊడితే లోపలి బ్యాటరీ ఐదు నిమిషాలే పనిచేస్తుంది. 19వ భాగం చూసినవారికి ఈ పద్యం ఒళ్లు జలదరింపజేస్తుంది. కానీ అన్వయం తెగింది. మూడో పాదంలో దేహం తనంతట తానే లేస్తే గెలుపు తల్లిదవుతుంది, కొడుకుది కాదు. కదలమని వాడు లోపల గొంతు చించుకుని అరిచాడు కదా, ఆ కేక పద్యంలో వినిపించాలి.

– అయితే ఇలా మారుస్తాను గురువు గారూ: 'బిడ్డ మొఱ విన్న యా మేను పిడుగు గాఁగ'.

– అద్భుతం. బి–పి యతి కూడా చక్కగా కుదిరింది. ఇప్పుడు గెలిచింది తనయుడే.

మూడవ పూరణ:

ఎవరు కౌఁగిటఁ బట్టిరో యెఱుఁగఁ డతఁడు
కవచ మనుకొని కూర్చుండెఁ గన్న యొడిని
తండ్రి మెప్పుకై పోరాడఁ దలఁచి తుదకుఁ
దల్లి గర్భమ్ములో గెల్చెఁ దనయుఁ డరుల.

– ముందు తప్పు చెప్పేస్తాను అమ్మా: 'మెప్పుకై' సాధువు కాదు, 'మెప్పునకై' అనాలి. అలా అంటే గణభంగం. 'తండ్రి మెచ్చఁగాఁ బోరాడ' అంటే రెండూ తీరుతాయి.

ఇక పద్యం సంగతి. ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. 12వ భాగంలో తండ్రి గెండో ఫోనులో ఒక్క ముక్క మెచ్చుకుంటే, తాను ఇవా ఎక్కుతున్నది ఆ మాట కోసమేనేమోనని షింజి తన పై అధికారిణి మిసాతోతో అంటాడు. ఆ మాట అంటున్నవాణ్ణి రోజూ మోస్తున్నది తల్లి. మూడో పాదంలో తండ్రిని, నాలుగో పాదంలో తల్లిని పెట్టి మధ్యలో ఒక్క 'తుదకు'తో మీరు ఆ కుటుంబం కథంతా చెప్పారు. 'కవచ మనుకొని' అన్న రెండు మాటలు నేను రాసి ఉంటే బాగుండునని నిజంగా అనిపించింది.

16వ భాగం మీద ఇంకా ఎవరూ రాయలేదు. శత్రువు మింగేసిన ఇవా దాన్ని చీల్చుకుని నెత్తుటితో బయటపడే ఘట్టం అది, గర్భంలో గర్భం. ఆదివారం రాత్రి వరకు గడువు ఉంది.