ఆంధ్రా మీల్స్‌కు వెళ్లి 700 కేలరీల్లోపు ఏం తినాలి?

ఉండేది బెంగళూరు, మారతహళ్లిలో. పదకొండు వారాలుగా రోజుకు 1,700 కేలరీలు, 130 గ్రాముల ప్రోటీన్ లెక్కన తింటున్నాను. వారానికి నాలుగు రోజులు జిమ్. మొదటి ఏడు వారాల్లో 84 కిలోల నుంచి 79.5కు దిగాను. గత నాలుగు వారాలుగా బరువు అక్కడే ఆగిపోయింది.

మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. వంట నాదే, ప్రతిదీ తూకం వేసుకుని తింటాను. చిక్కంతా ఆదివారం మధ్యాహ్నమే. మా తెలుగు బ్యాచ్ ఆరుగురం ఇక్కడే బీటీఎం లేఅవుట్‌లో ఆంధ్రా మీల్స్‌కు వెళ్తాం. సోమవారం పొద్దున చూస్తే కిలో పైనే పెరిగి ఉంటాను. అందులో చాలావరకు ఉప్పు వల్ల ఆగిన నీరేనని తెలుసు, గురువారానికి దిగుతుంది కూడా. కానీ అంతకు కిందికి మాత్రం పోవడం లేదు.

ముందే ఇంట్లో మూడు ఉడికించిన గుడ్లు తిని వెళ్లి చూశాను. ఆకు ముందు కూర్చున్నాక అవి ఏమైపోయాయో తెలియదు. మీల్స్ మానేసి చికెన్ ఫ్రై ఒక్కటే చెప్పాను, ప్లేటు అడుగున నూనె చూసి భయమేసింది. టేబుల్ స్పూన్ నూనెకే 120 కేలరీలు కదా. ఇంకోసారి సాల్ట్ సోడాతో సరిపెట్టుకుందామంటే, ‘డైటింగ్ సారొచ్చారు’ అంటూ ఒకడు నా ఆకులో ముద్దపప్పు, నెయ్యి వేయించాడు. (తిన్నది నేనే, వాడి తప్పేం లేదు.) వెళ్లడం మానలేను, ఈ ఊళ్లో నాకున్న మనుషులు వాళ్లే.

మాంసం తింటాను, పెరుగు పడదు. ఇలాంటి చోట 700 కేలరీలు దాటకుండా, కనీసం 40 గ్రాముల ప్రోటీన్ వచ్చేలా ఏవి, ఎంతెంత తినాలి?