కత్తులతో తిరిగే పిలకాయల బ్యాచ్‌లు: పోలీసు చర్యలతో మీ వైపు ఏమైనా మారిందా?

కొర్లగుంట_అమ్మ: సాయంత్రమైతే మా వీధి చివర ఏడెనిమిది మంది పిలకాయలు చేరుతున్నారు. గంజాయి వాసన ఇంట్లోకి వస్తోంది. నిన్న ఒకడు నడుముకు కత్తి దోపుకొని రీల్ తీశాడు. మా వాడు ట్యూషన్‌కు ఆ దారినే పోవాలి, ఒకటే టెన్షన్. ఫోన్ చేస్తే మన పేరు బయటికొస్తుందా? రౌడీషీట్లు, కౌన్సెలింగ్‌లతో మీ దగ్గర ఏమైనా తగ్గిందా?

చిత్తూరు_మటన్: షాపు మూసి కత్తులు సంచిలో వేసుకొని వస్తుంటే చెకింగ్‌లో ఆపి రెండు గంటలు కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్లుగా ఇదే నా బతుకు. రీల్స్ తీసేవాళ్లను వదిలి మమ్మల్ని పట్టుకుంటే ఎట్లా?

పాత_ఖాకీ: 24 ఏళ్లు సర్వీసు చేశాను, చెబుతున్నా వినండి. కత్తి అలుగు (బ్లేడు) 9 అంగుళాల కన్నా పొడవున్నా, 2 అంగుళాల కన్నా వెడల్పున్నా ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసిన కత్తులకు మినహాయింపు ఉంది.

లా_స్టూడెంట్: అంటే 8 అంగుళాల కత్తితో తిరగొచ్చనా సార్? ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో అదే చట్టం 4వ సెక్షన్ కింద చిన్న కత్తులకూ లైసెన్స్ అడగొచ్చు. సగం చెప్పి జనాన్ని తప్పుదోవ పట్టించకండి.

పాత_ఖాకీ: తిరగొచ్చని నేనెక్కడన్నాను? పుస్తకం చదివి నాకు చట్టం నేర్పొద్దు.

అన్న_బాధ: కాలేజీ గొడవలో మా తమ్ముడికి 19 ఏళ్లకే రౌడీషీట్ తెరిచారు. ఆదివారం కౌన్సెలింగ్ వరుసలో పరిచయమైనవాళ్లే వాణ్ణి పూర్తిగా చెడగొట్టారు. అసలు ఆ షీట్లు పోలీసు స్టాండింగ్ ఆర్డర్లతో (పోలీసు శాఖ సొంత నియమాలతో) తెరిచేవి, కోర్టు తీర్పు కూడా అక్కర్లేదు.

తిరుచానూరు_రోడ్: మా బావకు కడుపులో పొడిస్తే పదిహేడు కుట్లు పడ్డాయి. ఆయన ఇప్పటికీ బరువు ఎత్తలేడు. మీ తమ్ముడి కష్టం ఇక్కడ చెప్పకండి. అలాంటివాళ్ల మీద 1986 పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టి ఏడాది పాటు జైల్లో ఉంచాల్సిందే.

అన్న_బాధ: వాడు ఎవర్నీ పొడవలేదు! మాట జాగ్రత్త.

లండన్_చంద్రగిరి: ఇక్కడ 2024 సెప్టెంబరు 24 నుంచి జాంబీ తరహా కత్తులు (పళ్లు, ముళ్లు ఉండే పొడవాటి కత్తులు) ఇంట్లో ఉంచుకున్నా నేరమే. గ్లాస్గోలో 2005లోనే పోలీసులు ఈ కత్తి హింసను జబ్బులా చూసి, డాక్టర్లను, టీచర్లను కలుపుకొని పనిచేశారు.

జీవకోన_సుబ్బు: లండన్ వద్దు, గంజాయి సంగతి చూడండి. మా వైపు ఈగల్ (గంజాయి, డ్రగ్స్‌ను అరికట్టే రాష్ట్ర పోలీసు విభాగం) వాళ్ల 1972 నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశాను, పేరు చెప్పలేదు. నాలుగో రోజు మఫ్టీలో వచ్చారు. కాలిపోయిన వీధి దీపాలు కూడా మేమే వెంటపడి వేయించుకున్నాం. ఇప్పుడు అక్కడ ఎవరూ కూర్చోవడం లేదు.

చిత్తూరు_మటన్: ఆ 9 అంగుళాలు పిడితో కలిపా?

పాత_ఖాకీ: కాదు, అలుగు మాత్రమే.

కొర్లగుంట_అమ్మ: సుబ్బు గారూ, ఏ టైముకు చేశారు? వాళ్లు చేరేది ఏడింటికి. ఈరోజే చేస్తాను.