స్ప్రెయిన్, స్ట్రెయిన్, వాల్గస్... ఫస్టియర్ వాళ్లకి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి

చైతన్యపురి_బీపీటీ:
అందరికీ నమస్తే. బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, మొదటి సంవత్సరం. ఆటల్లో తగిలే దెబ్బల మీద సెమినార్ నా నెత్తిన పడింది. లిగమెంట్, టెండన్, స్ప్రెయిన్, స్ట్రెయిన్ చదువుతున్నంతసేపు వచ్చేసినట్టే ఉంటుంది, సార్ ఎదురుగా నిలబడితే అన్నీ తారుమారు. గ్రేడ్‌లు ఎలా చెప్పాలి? సైన్‌కీ సింప్టమ్‌కీ తేడా ఏంటి? వాల్గస్, వేరస్ గుర్తుపెట్టుకునే దారి ఏదైనా ఉందా? కోఠిలో పాత పుస్తకాల దగ్గర అథ్లెటిక్ ట్రైనింగ్ అని అమెరికా పుస్తకం ఒకటి దొరికింది. అది చదివితే ఉపయోగమేనా?

ఉప్పల్_మీడియంపేసర్:
స్ట్రెయిన్ సంగతి నన్నడుగు తమ్ముడూ. లీగ్ మ్యాచ్‌లో రనప్ మధ్యలో తొడ వెనక టప్‌మంది. మా వాళ్లు "నరం పట్టేసింది" అని అక్కడే బోర్లా పడుకోబెట్టి పిండిని పిసికినట్టు పిసికారు. రాత్రికి తొడంతా నల్లగా కమిలిపోయింది. అక్కడ నరమూ లేదు, గిరమూ లేదు. కండ, లేదంటే కండను ఎముకకు కలిపే టెండన్ దెబ్బతింటే స్ట్రెయిన్. ఎముకకూ ఎముకకూ మధ్య ఉండే లిగమెంట్ దెబ్బతింటే స్ప్రెయిన్. స్ట్రెయిన్‌లో 'ట' ఉంది, టెండన్‌లోనూ 'ట' ఉంది. అంతే.
2021 జనవరిలో సిడ్నీ టెస్టులో మన హనుమ విహారి హ్యామ్‌స్ట్రింగ్ (అదే తొడ వెనక కండ) పోయాక కూడా కుంటుతూ 161 బంతులు ఆడాడు, 23 నాటౌట్. సెమినార్‌లో ఆ ఉదాహరణ పెట్టు, వెనక బెంచీ కూడా వింటుంది.

కూకట్‌పల్లి_లిఫ్టర్:
విహారిది స్ట్రెయిన్ కాదు భయ్యా, టేర్. టీవీలో టేర్ అనే అన్నారు. స్ట్రెయిన్ అంటే కొంచెం లాగడం. టేర్ వేరు.

ఉప్పల్_మీడియంపేసర్:
చిరగకుండానే తొడ నల్లబడుతుందా? నాకు అయింది కాబట్టి చెప్తున్నా.

కూకట్‌పల్లి_లిఫ్టర్:
నీకు అయితే అందరికీ అదేనా? మా జిమ్‌లో ట్రైనర్ సర్టిఫికెట్ ఉన్నవాడు, ఆయన చెప్పింది ఇదే.

పీఈటీ_మాస్టారు:
ఇద్దరూ ఆగండి. స్ట్రెయిన్ అనేది దెబ్బ పేరు, టేర్ అనేది లోపల జరిగిన పని. గ్రేడ్ 1 అంటే కొన్ని పోగులే సాగి దెబ్బతినడం, బలం పెద్దగా తగ్గదు. గ్రేడ్ 2 అంటే కొంతమేర చిరగడం, బలం తగ్గుతుంది. గ్రేడ్ 3 అంటే పూర్తిగా తెగడం. లిగమెంట్ స్ప్రెయిన్‌కి కూడా ఇవే మూడు మెట్లు, కాకపోతే అక్కడ బలం బదులు కీలు ఎంత వదులైందో చూస్తారు. పిల్లలకి నేను ఒకటి ప్రత్యేకంగా చెప్తాను: గ్రేడ్ 3లో ఒక్కోసారి గ్రేడ్ 2 కంటే నొప్పి తక్కువ ఉంటుంది. లాగడానికి పోగే మిగల్లేదు కదా. నొప్పి లేదు కాబట్టి ఏం కాలేదనుకుని మళ్లీ గ్రౌండ్‌లోకి దిగేవాళ్లు ఉన్నారు.

మియాపూర్_షటిల్_మామ్:
మా బాబు అండర్ 13 ఆడతాడు. చీలమండ మెలికపడితే మా అత్తగారు "డాక్టరెందుకు, పుత్తూరు కట్టు కట్టిస్తే మూడో రోజుకి నడుస్తాడు" అని తీసుకెళ్లి కట్టించారు. కోచింగ్ సెంటర్‌లో అడిగితే "చిన్న బెణుకే మేడమ్, వచ్చే సోమవారం పంపండి" అన్నారు. వాపు ఇంకా తగ్గలేదు. దీన్ని స్ప్రెయిన్ అనే అంటారా?

గచ్చిబౌలి_స్పోర్ట్స్‌ఫిజియో:
మేడమ్, ముందు ఆ కట్టు విప్పించండి. రాష్ట్ర స్థాయి ప్లేయర్లకి ఏళ్ల తరబడి చేసిన అనుభవంతో చెప్తున్నాను. ఈ కట్లు కట్టేవాళ్లు ఎక్స్‌రే చూడరు, రక్తప్రసరణ చూడరు. ఇలాంటి ఎక్యూట్ కేసులు, అంటే తీవ్రమైన కేసులు, నా దగ్గరికి ఆలస్యంగా వస్తాయి.

కడప_నుంచి_కూకట్‌పల్లి:
పుత్తూరు కట్టుని అలా తీసిపారేయకండి సార్. మా నాన్న చెయ్యి విరిగితే అక్కడే అతుక్కుంది. మీ దగ్గరికొస్తే పది సిట్టింగులు, ప్రతి సిట్టింగుకీ బిల్లు. ఊళ్లో జనం ఇన్నేళ్లుగా వెర్రివాళ్లై వెళ్తున్నారా?

గచ్చిబౌలి_స్పోర్ట్స్‌ఫిజియో:
అతుక్కోవడం వేరు, సరిగ్గా అతుక్కోవడం వేరు. మీతో వాదించే టైమ్ నాకు లేదు.

కడప_నుంచి_కూకట్‌పల్లి:
టైమ్ లేనివాళ్లు రెండు పేరాలు రాయరు.

ఎంపీటీ_నిద్రలేదు:
మేడమ్, వాళ్ల గొడవ వదిలేయండి. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్, అంటే ఎముక పొడవు పెరిగే చోటు, ఉంటుంది. అది చాలాసార్లు పక్కనున్న లిగమెంట్ కంటే బలహీనం. పెద్దవాళ్లకి స్ప్రెయిన్ అయ్యే మెలికకే పిల్లలకి ఆ ప్లేట్ దగ్గర విరగొచ్చు, పైకి బెణుకులాగే కనిపిస్తుంది. వాపు తగ్గలేదంటున్నారు కాబట్టి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి ఈరోజే చూపించండి. వేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా కట్టు వెంటనే విప్పాలి.
స్టూడెంట్ కోసం: చీలమండ దెబ్బకి ఎక్స్‌రే ఎప్పుడు తీయాలో చెప్పే ఒట్టావా యాంకిల్ రూల్స్ చదువు. 1992లో కెనడాలో తయారయ్యాయి. దెబ్బ తగిలినప్పుడూ, డాక్టర్ దగ్గరా నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండకి ఇటూ అటూ ఉండే గుబ్బ ఎముకల వెనక అంచున కింది 6 సెంటీమీటర్లలో గానీ చివర గానీ నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయాలి. పాదానికి సంబంధించి ఇంకో రెండు చోట్లు ఉన్నాయి: పాదం లోపలివైపు ఉండే నావిక్యులర్ ఎముక, చిటికెన వేలి వైపు ఉండే ఐదో మెటటార్సల్ ఎముక మొదలు.
ఇంకొకటి. ఎక్యూట్ అంటే తీవ్రమైనది అని కాదు. హఠాత్తుగా మొదలైనది. క్రానిక్ అంటే చాలాకాలంగా ఉన్నది. గ్రేడ్ 1 స్ప్రెయిన్ కూడా ఎక్యూటే. వైవాలో ఇక్కడే పట్టుకుంటారు.

గచ్చిబౌలి_స్పోర్ట్స్‌ఫిజియో:
నేను వాడుక భాషలో రాశాను. పేషెంట్లతో ఎలా మాట్లాడాలో మీకు ఫీల్డ్‌లోకి వచ్చాక తెలుస్తుంది.

ఉప్పల్_మీడియంపేసర్:
ఇది స్టూడెంట్ అడిగిన థ్రెడ్ సార్, పేషెంట్‌ది కాదు 😄

కేబీఆర్_పొద్దున్నే:
ఇన్ని మాటలు ఎందుకు? ఏ దెబ్బకైనా రైస్. రెస్ట్, ఐస్, కంప్రెషన్, ఎలివేషన్. ఆగస్టు మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాక నేను బకెట్‌లో ఐస్ పోసుకుని కూర్చుంటా. లాక్టిక్ యాసిడ్ మొత్తం దిగిపోతుంది.

ఎంపీటీ_నిద్రలేదు:
లాక్టేట్ పరుగు ఆపిన గంట, గంటన్నరలో మామూలుకి వచ్చేస్తుంది. మర్నాడు మెట్లు దిగలేకపోవడానికి కారణం అది కాదు. అలవాటు లేని శ్రమకి, ముఖ్యంగా కండ సాగుతూ బరువు మోసే ఎసెంట్రిక్ పనికి, పోగుల్లో సన్నటి దెబ్బలు తగులుతాయి. 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండే ఆ నొప్పినే డామ్స్ అంటారు. ఫ్లైఓవర్ దిగేటప్పుడు తొడ ముందు కండ చేసేది సరిగ్గా ఎసెంట్రిక్ పనే.
ఇక రైస్. 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టర్ పెట్టిన పేరు అది. ఐస్, పూర్తి విశ్రాంతి మానడాన్ని ఆలస్యం చేయొచ్చని 2014లో ఆయనే రాశాడు. 2012లో రైస్ బదులు పోలీస్ అనే పొట్టిపేరు వచ్చింది: రెస్ట్ తీసేసి ప్రొటెక్షన్, ఆప్టిమల్ లోడింగ్ పెట్టారు. 2019లో పీస్ అండ్ లవ్ అని ఇంకో పొట్టిపేరు వచ్చింది, అందులో ఐస్ అసలు లేనే లేదు.

కేబీఆర్_పొద్దున్నే:
అంటే ఇన్నేళ్లూ మేం పెట్టిన ఐస్ అంతా దండగా? ఐపీఎల్‌లో ఫిజియోలు పరిగెత్తుకొచ్చి పెట్టేదేంటి మరి, పెరుగా?

గచ్చిబౌలి_స్పోర్ట్స్‌ఫిజియో:
ఐస్ పనిచేస్తుంది. నేను వందల మందికి పెట్టాను. పేపర్లు చదివి మాట్లాడేవాళ్లు గ్రౌండ్‌కి రండి.

ఎంపీటీ_నిద్రలేదు:
నొప్పి తగ్గిస్తుంది సార్, కాదనలేదు. 15–20 నిమిషాలు, గుడ్డ చుట్టి, చర్మానికి నేరుగా తగలకుండా. త్వరగా మాన్పుతుంది అనడానికే ఆధారం గట్టిగా లేదు. ఈ రెండూ వేరు వేరు మాటలు.

కూకట్‌పల్లి_లిఫ్టర్:
మా ట్రైనర్ వేడి కాపడం అంటాడు, అదేంటి మరి?

పీఈటీ_మాస్టారు:
తాజా వాపు మీద కాపడం వద్దు. మీ ట్రైనర్‌కి కూడా చెప్పు.
ఐస్ గొడవలో పడి ప్రాణం మీదికొచ్చేది మర్చిపోతున్నారు. మే నెల సమ్మర్ క్యాంపుల్లో పిల్లాడు తూలుతూ, తిక్కతిక్కగా మాట్లాడాడంటే అది ఎండకి కళ్లు తిరగడం అనుకోకండి, హీట్ స్ట్రోక్ అనుకోండి. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. చెమట ఆగిపోతుందని చాలామంది బట్టీ పడతారు. ఆటగాళ్లలో ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే రావొచ్చు. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేలోగా చల్లటి నీళ్ల టబ్‌లో మెడ వరకు ముంచాలి. ముందు చల్లబరచడం, తర్వాత ఆసుపత్రి. టబ్ లేకపోతే గ్రౌండ్ పైపు పట్టి తడుపుతూనే ఉండండి. ఐస్‌కి అసలైన పని అక్కడుంది.

రైడర్_సరూర్‌నగర్:
మోకాలి గురించి ఎవరూ రాయరేం? కబడ్డీలో రైడ్‌కి వెళ్లి ఒక్కసారి తిరిగాను, ఎవరూ ముట్టుకోలేదు, లోపల టక్‌మని వినిపించింది. గంటలో మోకాలు ఉబ్బింది. ఏసీఎల్, మోకాలి మధ్యలో ఉండే లిగమెంట్. మొదట చూసిన చోట కాలు అటూ ఇటూ లాగి "లిగమెంట్ బాగానే ఉంది" అని పంపించేశారు. ఒక సీజన్ పోయింది.

ఎంపీటీ_నిద్రలేదు:
అన్నా, నీ కథే సెమినార్‌కి పనికొచ్చే కేసు. ఎవరూ తగలకుండా తిరగడం, టక్ శబ్దం, గంటల్లో వాపు: ఈ మూడూ కలిస్తే ఏసీఎల్ అనే అనుమానించాలి. మెనిస్కస్, అంటే మోకాలి లోపలి మెత్త, ఒక్కటే అయితే వాపు తరచూ మర్నాటికి వస్తుంది. వాపుతో బిగిసిన మోకాలిని 90 డిగ్రీలు వంచి యాంటీరియర్ డ్రాయర్ (మోకాలి కింది ఎముకని ముందుకి లాగి చూసే పరీక్ష) చేస్తే తొడ వెనక కండలు పట్టేసుకుని తప్పుదారి పట్టిస్తాయి. అలాగే లాగి, 20–30 డిగ్రీల దగ్గర చేసే లాక్‌మన్ పరీక్ష నయం.
ఇందులోనే సైన్, సింప్టమ్ కూడా ఉన్నాయి. "టక్‌మంది, జారిపోతున్నట్టుంది" అని ఆటగాడు చెప్పేది సింప్టమ్. నువ్వు చూసే వాపు, నీ చేతికి తెలిసే వదులు సైన్.

ఉప్పల్_మీడియంపేసర్:
గోపీచంద్ మోకాలి ఆపరేషన్ల తర్వాతే కదా 2001లో ఆల్ ఇంగ్లండ్ కొట్టింది. రైడర్ భాయ్, దిగులుపడకు.

రైడర్_సరూర్‌నగర్:
ఆయనకి ఉన్న ఓపిక నాకెక్కడిది అన్నా. మా ఇంట్లో కబడ్డీ మానెయ్ అంటున్నారు.

చైతన్యపురి_బీపీటీ:
వాల్గస్ ఎవరూ చెప్పలేదు 🙏 ఆ పుస్తకం సంగతి కూడా.

పీఈటీ_మాస్టారు:
కీలు కింది భాగం శరీరం మధ్యగీతకి దూరంగా, బయటికి వంగితే వాల్గస్. మోకాళ్లు రెండూ రాసుకుంటాయి. లోపలికి వంగితే వేరస్, అవి దొడ్డికాళ్లు. వాల్గస్‌లో 'ల' ఉంది, లాటరల్ (బయటివైపు) లోనూ 'ల' ఉంది. మోకాలి బయటివైపు నుంచి ఎవరైనా గుద్దితే వాల్గస్ ఒత్తిడి పడి లోపలివైపు ఉండే ఎంసీఎల్ అనే లిగమెంట్ సాగుతుంది. బోర్డు మీద బొమ్మ గీసి చూపించు, నోటితో చెప్తే ఎవరికీ ఎక్కదు.
పుస్తకం మంచిదే. ఒక్కటి చూసుకో: అమెరికాలో అథ్లెటిక్ ట్రైనర్ అంటే జిమ్ ట్రైనర్ కాదు. గ్రౌండ్ పక్కన ఉండి దెబ్బను అంచనా వేసి, ప్రథమ చికిత్స, రీహాబ్ చూసే శిక్షణ పొందిన ఆరోగ్య వృత్తి అది. వాళ్ల సంఘం 1950లోనే పుట్టింది. ఇక్కడ ఆ పనిని ఫిజియో కొంత, మాలాంటి పీఈటీలు కొంత, ఏమీ తెలియని టీమ్ మేనేజర్లు మిగతాదీ చేస్తున్నారు.

కూకట్‌పల్లి_లిఫ్టర్:
జిమ్ ట్రైనర్లంటే మీకందరికీ చులకన.

కానిస్టేబుల్_ఆశావహుడు:
సార్లూ, నాది వేరే ప్రశ్న. 1600 మీటర్ల పరుగుకి ప్రాక్టీస్ చేస్తున్నా. సిమెంట్ రోడ్డు మీదే పరుగు. ముంగాలి లోపలివైపు నొప్పి. ఫ్రెండ్స్ షిన్ స్ప్లింట్స్ అంటున్నారు. టేప్ వేసుకుని పరిగెత్తొచ్చా?

ఎంపీటీ_నిద్రలేదు:
ఎముక వెంట జానెడు మేర నొప్పా, ఒక్క వేలితో చూపించగలిగేంత చోటా?

కానిస్టేబుల్_ఆశావహుడు:
మొదట జానెడు ఉండేది. ఇప్పుడు ఒక్కచోటే. రాత్రి పడుకున్నా లాగుతోంది.

గచ్చిబౌలి_స్పోర్ట్స్‌ఫిజియో:
టేప్ మాట మర్చిపో బాబూ. పరుగు ఆపి ఆర్థో డాక్టర్‌కి చూపించు. ఇది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నటి పగులు, కావొచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, "ఏం లేదు" అన్నారని మళ్లీ పరిగెత్తకు, ఎంఆర్ఐ గురించి అడుగు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ గేమ్స్‌లో బంగారం గెలిచిన వెంటనే సింధు స్ట్రెస్ ఫ్రాక్చర్ వల్లే వరల్డ్ ఛాంపియన్‌షిప్ వదులుకుంది.

ఎంపీటీ_నిద్రలేదు:
ఈసారి సార్ చెప్పిందే నా మాట కూడా.

కానిస్టేబుల్_ఆశావహుడు:
ఈవెంట్స్ దగ్గరపడ్డాయక్కా. స్టామినా పోతుందని టెన్షన్. సైకిలైనా తొక్కొచ్చా?

ఎంపీటీ_నిద్రలేదు:
డాక్టర్ చూసి సరేనన్నాక, నొప్పి రాకపోతే తొక్కు. ఈత అయితే ఇంకా మంచిది, కాలి మీద బరువు పడదు.

కానిస్టేబుల్_ఆశావహుడు:
ఈత రాదక్కా.