థీమ్‌లో కన్నం: అప్‌డేట్ చెయ్యాలా, రిజిస్ట్రేషన్ మూస్తే చాలా?

పర్లాకిమిడి కుర్రాడు: ఒడిశాలోని మన తెలుగు సంఘం వర్డ్‌ప్రెస్ సైట్లో నిన్న అడ్మిన్లు ఐదుగురు కనబడ్డారు. మనం నలుగురమే. ఐదో ఖాతా అర్ధరాత్రి దాటాక మామూలు సభ్యుడిగా చేరింది. సైటుకి రూపునిచ్చే మన థీమ్ రిజిస్ట్రేషన్ ఫారంలో రోల్ అని, ఖాతాకి ఏ హక్కులో చెప్పే కనబడని గడి ఒకటుంది. అందులో సబ్‌స్క్రైబర్ కొట్టేసి అడ్మినిస్ట్రేటర్ అని పంపితే సర్వర్ అలాగే రాసేసుకుంటోంది. ఆ ఖాతా తీసేశాను. థీమ్ అప్‌డేట్ చేద్దామంటే మాష్టారు వద్దంటున్నారు.

గుణుపురం మాష్టారు: ఊరికే వద్దంటున్నానా బాబూ? కిందటేడు నువ్వు అప్‌డేట్ నొక్కావు. తెలుగు, ఒడియా పక్కపక్కన సరిగ్గా రావాలని రెండు నెలలు కూర్చుని స్టైల్ ఫైల్లో దిద్దుకున్నదంతా పోయింది. సంక్రాంతి పిలుపు పేజీలో ‘క్రా’ విరిగిపోయి కనబడింది. రిజిస్ట్రేషన్ మూసెయ్యండి, చాలు.

బరంపురం బాబు: చాలదు మాష్టారూ. కన్నం ఫారంలో లేదు, దాని వెనక థీమ్ రాసుకున్న అజాక్స్ ఫంక్షన్లో, అంటే ఫారం పంపింది సర్వర్లో అందుకునే కోడ్‌లో ఉంది. పేజీ తీసేసినా దానికి నేరుగా అభ్యర్థన పంపొచ్చు. ‘ఎవరైనా చేరవచ్చు’ టిక్కు తీసినా, ఆ ఫంక్షన్ టిక్కును చూడకపోతే ఏం లాభం? 2025లో మోటార్స్ థీమ్‌లో బయటపడిన లోపం చూడండి. 5.6.67 వెర్షన్ దాకా, లాగిన్ కాకుండానే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చెయ్యొచ్చు. దానికి 5.6.68కి మారడమే మందు. మీ దిద్దుబాట్లు చైల్డ్ థీమ్‌లో, అంటే అసలు థీమ్ మీద ఆధారపడే విడి ఫోల్డర్లో పెడితే అప్‌డేట్ వాటి జోలికి రాదు.

జయపురం అబ్బాయి: ఫారంలో నాన్స్ ఉందిగా, అభ్యర్థన మన పేజీ నుంచే వచ్చిందని చూపే గుర్తు?

బరంపురం బాబు: నాన్స్ ఉన్నంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదు తమ్ముడూ. ఫారం పేజీ తెరిచిన ఎవరికైనా అది దొరుకుతుంది. రోల్ ఏదో సర్వరే నిర్ణయించాలి. సెట్టింగులు మార్చే ప్రతి ఫంక్షన్లోనూ కరెంట్ యూజర్ క్యాన్ పరీక్ష, అంటే ఈ మనిషికి ఆ హక్కుందా అని అడిగేది ఉండాలి.

గుణుపురం మాష్టారు: చైల్డ్ థీమ్ అని కిందటేడు ఒక్కరైనా చెప్పారా? ‘క్రా’ విరిగితే ఫోన్లు నాకొచ్చాయి, మీకు కాదు.

బరంపురం బాబు: ఇంకోటి. నలుగురు అడ్మిన్లెందుకు? ఒక్కరుండి, మిగతావాళ్లు ఎడిటర్లయితే చాలు. అక్షరాలు దిద్దడానికి అడ్మిన్ కానక్కర్లేదు.

గుణుపురం మాష్టారు: అదీ అసలు సంగతి! తాళం నా దగ్గర ఉండకూడదు. 1936లో మనల్ని ఒరిస్సాలో కలిపిన నాటి నుంచి ఇక్కడి తెలుగు ఇక్కడివాళ్లమే కాచుకున్నాం. నువ్వు హైదరాబాదులో స్థిరపడ్డావు. రేపు పిల్లల తెలుగు తరగతుల వేళలు మార్చాలంటే నీ ఫోన్ కోసం కాచుక్కూచోవాలా?

బరంపురం బాబు: ఆ ఒక్కరు నేనే కావాలని అన్నానా? మీరే ఉండండి. మీ పాస్‌వర్డ్ ఆఫీసు గోడ మీద క్యాలెండర్ వెనక రాసి ఉంది, నా బాధల్లా అదే.

రాయగడ చెల్లి: అది సరే అన్నయ్యా, ఆ ఐదో ఖాతా రాత్రంతా ఏం చేసింది? ఎవరైనా చూశారా?

పర్లాకిమిడి కుర్రాడు: ఇప్పుడే చూశాను. థీమ్ ఫంక్షన్స్ ఫైలు చివర మనం రాయని లైను ఒకటుంది. డ్యాష్‌బోర్డులోని ఫైల్ ఎడిటర్లోంచే పెట్టారు. ఆ ఫైల్ ఎడిటర్ని కాన్ఫిగ్ ఫైల్లో ఆపేస్తున్నాను. లాగిన్ కుకీలకు వాడే రహస్య సాల్ట్ కీలు మార్చి అందరినీ బయటికి పంపేస్తున్నాను. పాస్‌వర్డులు నలుగురూ మార్చాలి. ఇక అప్‌డేట్ మాట లేదు, థీమ్ ఫోల్డరే తీసేసి కొత్త వెర్షన్ పెట్టాలి. మాష్టారూ, మీ స్టైల్ ఫైలు కాపీ విడిగా ఉందా?

గుణుపురం మాష్టారు: పెన్‌డ్రైవ్‌లో ఉంది. రేపు రైలుకి తెస్తాను. ‘క్రా’ నా ఎదురుగా పెట్టి చూపించాలి.