మార్షియన్లు గోదారి లంకలో దిగారు, హీరో మాత్రం కదలడం లేదు. ఏం చెయ్యాలి?

అందరికీ నమస్కారం. మాది కోటిపల్లి దగ్గర. నలుగురం కలిసి హెచ్.జి. వెల్స్ 1898 నాటి 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' నవలని (అంగారక గ్రహం నుంచి మార్షియన్లు భూమ్మీదకి దండెత్తి వచ్చే కథ) ఆరు ఎపిసోడ్ల తెలుగు టీవీ సీరీస్‌గా రాస్తున్నాం. ఆయన పోయింది 1946లో. మన చట్టంలో రచయిత తర్వాత 60 ఏళ్లే కాబట్టి హక్కుల గొడవ లేదు. 1938 రేడియో నాటకంలో కథని ఇంగ్లండ్ నుంచి న్యూజెర్సీకి మార్చేశారు కదా, మేం గౌతమి మధ్య లంకకి తెచ్చాం.

ఊరు మార్చడం తేలికే. జనం పారిపోయే ఘట్టం మేం వరదల్లో కళ్లారా చూసిందే. గేదెని పడవెక్కిస్తుంటే దూడ రేవులో మొరాయిస్తుంది, ముసలమ్మ బియ్యం డబ్బా వదలదు. ధవళేశ్వరం దగ్గర 10, 13, 17 లక్షల క్యూసెక్కులకి ఇచ్చే మూడు ప్రమాద హెచ్చరికల్ని ఎపిసోడ్ ముగింపులుగా వాడదామనుకున్నాం.

చిక్కంతా కథ చెప్పే మనిషితోనే. నవలలో అతను చాలాసేపు దాక్కుని చూస్తాడు, ఆలోచిస్తాడు. చదువుతుంటే ఊపిరి ఆడదు. స్క్రిప్ట్‌లో మాత్రం గోడకి ఆనుకుని ఊరికే కూర్చున్నట్టుంది. వాయిస్ ఓవర్ పెడితే హరికథలా తయారైంది (హరికథ నాకిష్టమే, ఇక్కడ కాదు). తోడుగా ఒక పడవవాణ్ణి పెడితే ఆ ఒంటరితనం పోతోంది.

ఇంకోటి, చివర్లో మార్షియన్లు సూక్ష్మక్రిముల వల్ల చస్తారు. హీరో చేసిందేం లేదు. ఆరు వారాలు చూసినవాడు తిట్టుకోడా? మొదట్లోనే లంకలో జ్వరాలు చూపిస్తే గుట్టు బయటపడుతుందా?

సీరియళ్లకి రాసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. మూడో ఎపిసోడ్ దగ్గర పది రోజులుగా ఆగిపోయాం.