ఓడ ఎక్కే ముందే అపెండిక్స్ తీయించుకోవాలా?

లావణ్య, సోంపేట:
మా తమ్ముడు వచ్చే నెల సరుకు ఓడలో డెక్ కేడెట్‌గా (ఆఫీసర్ శిక్షణకు) చేరుతున్నాడు. ఓడలో డాక్టర్ ఉండరని తెలిసినప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. మా మేనమామకు అపెండిక్స్ పగిలి చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది లెండి. "ముందే తీయించి పంపుదాం" అంటోంది. నడిసముద్రంలో ఆ నొప్పి వస్తే నిజంగా ఏం చేస్తారు?

రిటైర్డ్ చీఫ్ ఆఫీసర్, విశాఖ:
అమ్మా లావణ్యా, వందమందికి తక్కువ కాకుండా ఎక్కించుకుని, మూడు రోజులు దాటి విదేశాలకు తిరిగే ఓడలకే డాక్టర్ తప్పనిసరి. సరుకు ఓడలో మేం ఇరవై చిల్లర మందిమి. మందుల గది తాళం నాలాంటి ఆఫీసర్ దగ్గర ఉంటుంది.

పసిఫిక్‌లో మా మోటార్‌మన్‌కి, అంటే ఇంజిన్ గదిలో పనిచేసే అతనికి, ఆ నొప్పి వచ్చింది. సాయంత్రం బొడ్డు చుట్టూ నొప్పి, అన్నం సహించలేదు, వాంతి. గ్యాస్ అనుకున్నాడు. తెల్లారేసరికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. నొక్కినప్పటికంటే చెయ్యి తీసినప్పుడు గట్టిగా అరిచాడు. రోమ్‌లో సీఐఆర్‌ఎం అనే కేంద్రం 1935 నుంచి ఏ దేశపు ఓడకైనా ఉచితంగా వైద్య సలహా ఇస్తోంది. మేం సంప్రదిస్తే అక్కడి డాక్టర్ నాడి, జ్వరం అడిగి, నోటికి ఏమీ ఇవ్వొద్దన్నారు. సెలైన్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చెప్పారు. మా బోసన్ (డెక్ పనివాళ్ల పెద్ద) ఆముదం పట్టిద్దామన్నాడు, అలాంటివి అస్సలు కూడదు. హెలికాప్టర్ అందే దూరం కాదు. కెప్టెన్ దగ్గరి రేవుకి ఓడ మళ్లించారు, ఆపరేషన్ అక్కడే అయింది.

నొప్పి ఒక్కసారిగా మాయమైతే పగిలిందేమోనని అనుమానించాలట. రాత్రంతా "ఇంకా నొప్పిగా ఉందా?" అని అడగడం, "ఉంది సార్" అంటే ఊపిరి పీల్చుకోవడం!

జనరల్ సర్జన్, కాకినాడ:
లావణ్యగారూ, బాగున్న అపెండిక్స్ తీయక్కర్లేదు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వచ్చేది నూటికి ఏడెనిమిది మందికే. కోస్తే లోపల పేగులు అతుక్కునే ఇబ్బంది వేరే. యాంటీబయాటిక్స్‌తో చాలామందికి గండం వాయిదా పడుతుంది. 2020లో వచ్చిన అమెరికా అధ్యయనంలో మందులతో మొదలుపెట్టిన పదిమందిలో సుమారు ముగ్గురికి మూడు నెలల్లోపు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

ముందే తీయించుకునేది అంటార్కిటికాలో చలికాలం గడిపే ఆస్ట్రేలియా డాక్టర్ల లాంటివాళ్లు. కోసేవాడికే వస్తే కోసేదెవరు? 1961 ఏప్రిల్ 30న రష్యన్ డాక్టర్ లియోనిద్ రోగొజోవ్‌కి అదే జరిగింది. వయసు 27, అంటార్కిటికాలో వాళ్ల దేశపు స్థావరానికి ఒక్కడే డాక్టర్. నొవొకైన్ అనే మత్తు ఇంజెక్షన్ ఇచ్చుకుని, వాతావరణ నిపుణుడు పరికరాలు అందిస్తుంటే, మెకానిక్ అద్దం పట్టుకుంటే, తన పొట్ట తానే కోసుకున్నాడు. అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తోందని గ్లవ్స్ లేకుండా చేతి స్పర్శ మీదే ఎక్కువ పని కానిచ్చాడు. గంటా నలభై ఐదు నిమిషాలు పట్టింది. రెండు వారాలకల్లా మళ్లీ డ్యూటీలో ఉన్నాడు. మన దేశపు మైత్రి పరిశోధన కేంద్రం ఆ స్థావరానికి దగ్గర్లోనే ఉంది.

లావణ్య:
అమ్మకి చదివి వినిపించాను. రష్యా డాక్టర్ కథ సగంలోనే ఆపించింది. "ఆ రోమ్ నంబర్ వాడికి రాసిచ్చావా?" అంటోంది.

రిటైర్డ్ చీఫ్ ఆఫీసర్, విశాఖ:
నంబర్లు ఓడలోనే ఉంటాయమ్మా, అవి ఆఫీసర్లు చూసుకుంటారు. మీ తమ్ముడు నొప్పి దాచకుండా చెబితే చాలు. కొత్త కేడెట్లు ఇంటికి పంపేస్తారేమోనని పళ్ల బిగువున పనిచేస్తుంటారు.