రంపపు పొట్టుతో క్రోమియం నిజంగా పోతుందా?

గుణుపురం మేస్త్రి:
ఊరి చివర క్రోమ్ పూత యూనిట్ కడుగు నీళ్ళు ఇంకి పక్క వీధుల బోర్లు పాడయ్యాయి. ఇంటింటికీ రంపపు పొట్టు ఫిల్టరు పెడదామని పంచాయతీలో మాటొచ్చింది. నేను సరేనంటాను. పొట్టు జల్లించి, గోధుమ రంగు దిగడం ఆగేదాకా వేడినీళ్ళతో కడగాలి. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, మళ్ళీ కడిగి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. లీటరుకు 10 గ్రాములు వేసి మూడు గంటలు కలపాలి. ఆ తర్వాత క్రోమియం ఉంటే రంగు చూపే మందు, డైఫినైల్ కార్బజైడ్ వేస్తే ఊదా రంగు రాలేదు. క్రోమియం పోయినట్టే.

బరంపురం ల్యాబు:
ఏ పిహెచ్ దగ్గరండీ? అంటే నీళ్ళలో ఆమ్లం ఎంత? 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ.

గుణుపురం మేస్త్రి:
2. సల్ఫ్యూరిక్ వేసి.

బరంపురం ల్యాబు:
అక్కడే ఉంది తిరకాసు. ఆ రంగు క్రోమియం-6కే, అంటే ఎక్కువ విషమైన రూపానికే వస్తుంది. పిహెచ్ 2లో పొట్టులోని లిగ్నిన్ (కట్టెకు గట్టితనమిచ్చే పదార్థం) దాన్ని క్రోమియం-3గా మారుస్తుంది. మారింది, పోలేదు. అంత ఆమ్లంలో క్రోమియం-3 పొట్టుకు అంటుకోదు, హైడ్రోజన్ అయాన్లు ముందే చోటు పట్టేస్తాయి. ఏ రూపంలో ఉన్నా లోహాన్ని కొలిచే ల్యాబు యంత్రం ఏఏఎస్‌లో మొత్తం క్రోమియం చూడండి. సున్నం తేటతో పిహెచ్ 8-8.5కి తెస్తే బూడిద ఆకుపచ్చ మడ్డి దిగుతుంది. అది వడగడితేనే తీసినట్టు.

పర్లాకిమిడి రైతు:
మునగ గింజ పొడి చాలదా?

బరంపురం ల్యాబు:
బురద దిగుతుంది, క్రోమేట్ (నీళ్ళలో కరిగి ఉన్న క్రోమియం-6) దిగదు. గింజలోని మాంసకృత్తులు మిగిలి నీళ్ళు మర్నాటికి వాసనేస్తాయి.

గుణుపురం మేస్త్రి:
మీరు రంగు పరీక్షనే పట్టుకు వేలాడుతున్నారు. సీసానికి ఇదే పొట్టు పిహెచ్ 5లో పనిచేస్తుంది, ఒప్పుకుంటారా లేదా?

బరంపురం ల్యాబు:
ఒప్పుకుంటాను. సీసం ధన అయాను, పొట్టు మీది కార్బాక్సిల్ సమూహాలు పట్టుకుంటాయి. బోరులో ఉన్నది క్రోమేట్, రుణ అయాను. పిహెచ్ 7 దగ్గర పొట్టు పైభాగం కూడా రుణమే, దగ్గరికి రానివ్వదు. ప్రతి ఇంట్లో ఆమ్లం పోసి, సున్నం వేసి, వడగట్టి తాగమంటారా? తాగునీటిలో క్రోమియం హద్దు లీటరుకు 0.05 మిల్లీగ్రాములు.

గుణుపురం మేస్త్రి:
బోరు పాడైనప్పట్నుంచి మా వీధి ట్యాంకరు మీద బతుకుతోంది. మీ ల్యాబులవాళ్ళు ఒక్కరైనా వచ్చారా? వద్దనడం తేలిక.

రాయగడ అమ్మడు:
వాడేసిన పొట్టు ఎక్కడ పారేస్తారు?

గుణుపురం మేస్త్రి:
పొయ్యిలో.

బరంపురం ల్యాబు:
అయ్యా, వద్దు! బూడిదలోని క్షారం, పొయ్యి వేడి కలిస్తే క్రోమియం-3 మళ్ళీ 6 అయ్యే ప్రమాదం ఉంది. ఆ బూడిదతోనే గిన్నెలు తోముతారు. పెంటకుప్పలో వేస్తే పొలానికి చేరుతుంది. సంచుల్లో కట్టి, ప్రమాదకర వ్యర్థాలకు అనుమతి ఉన్న చోటికే పంపాలి.
నా కోపం పొట్టు మీద కాదు. పొట్టుతో నీళ్ళు శుద్ధి చేసే తొట్టిని యూనిట్ గోడ లోపల కట్టమంటున్నాను. కడుగు నీళ్ళు అక్కడే ఉన్నాయి, ఆమ్లం వాడే మనుషులూ అక్కడే ఉన్నారు. కలుపుతుండగా పిహెచ్ పైకి పాకుతుంది, క్రోమియం-6 క్రోమియం-3గా మారడం ఆమ్లాన్ని తినేస్తుంది కాబట్టి. అరగంటకోసారి చూసి ఆమ్లం పోయకపోతే పని సగంలో ఆగిపోతుంది. బయటికి వదిలే నీటిలో లీటరుకు క్రోమియం-6 0.1, మొత్తం క్రోమియం 2 మిల్లీగ్రాములు దాటకూడదు.

గుణుపురం మేస్త్రి:
యూనిట్ కట్టదు. అందుకే ఇళ్ళల్లో అంటున్నాం.

బరంపురం ల్యాబు:
నేను ఒప్పుకోనిది అదే. పాడుచేసింది వాళ్ళు, కడుక్కునేది మనమా?

రాయగడ అమ్మడు:
ఫిల్టర్లు వచ్చాయని ట్యాంకరు ఆపేస్తారు. ఆపకూడదని తీర్మానంలో ముందే రాయించండి.

గుణుపురం మేస్త్రి:
రాయిస్తాం. సరే, తొట్టి యూనిట్‌లోనే కట్టారనుకోండి. మొత్తం క్రోమియం పరీక్షకు నీళ్ళు పట్టేది ఎవరు? వాళ్ళ మనిషేనా?